తీవ్రమైన ఆస్తమా ఎటాక్ వస్తే ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మీ పక్కనే ఎవరైనా ఇప్పుడు ఊపిరందక అవస్థ పడుతుంటే మొదటి జవాబు మాత్రం చదివి, వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ఎటాక్ ఇప్పుడే వచ్చింది. ముందు ఏం చేయాలి?

మనిషిని కూర్చోబెట్టండి. పడుకోబెట్టొద్దు. కొంచెం ముందుకు వంగి, చేతులు మోకాళ్ల మీదో బల్ల మీదో ఆనించుకుంటే చాలామందికి తేలిగ్గా ఉంటుంది. వాళ్లకు ఎలా బాగుంటే అలా కూర్చోనివ్వండి. మెడ దగ్గర, నడుము దగ్గర బట్టలు బిగుతుగా ఉంటే వదులు చేయండి.

రిలీవర్ ఇన్‌హేలర్ తీయండి. ఆయాసం వచ్చినప్పుడు వాడే పంపు ఇది. ఎక్కువగా నీలం రంగులో ఉంటుంది, అందులో సాల్బుటమాల్ అనే మందు ఉంటుంది. బాగా కుదిపి, స్పేసర్ (మందు ముందుగా నిలిచేలా పంపుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) ఉంటే దానికి తగిలించి, ఒక్క పఫ్ కొట్టండి, అంటే పంపును ఒక్కసారి నొక్కండి. స్పేసర్ నోట్లో ఉండగానే నాలుగైదు సార్లు ఊపిరి పీల్చి వదలమనండి. అర నిమిషం నుంచి నిమిషం ఆగి మళ్లీ కుదిపి ఇంకో పఫ్. తగ్గేదాకా ఇలా పది పఫ్‌ల వరకు ఇవ్వవచ్చు. స్పేసర్‌లోకి రెండు మూడు పఫ్‌లు ఒకేసారి కొట్టకండి. ఒక్కోటిగా ఇస్తేనే మందు లోపలికి బాగా చేరుతుంది.

మాట తడబడుతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా పఫ్‌లు ఎలా పనిచేస్తాయో చూద్దామని ఆగకుండా అప్పుడే అంబులెన్స్‌ను పిలవండి. పఫ్‌లు ఇస్తున్నా ఆయాసం పెరుగుతున్నా, పది పఫ్‌లు అయ్యాక కూడా తగ్గకపోయినా, అసలు ఇన్‌హేలరే దగ్గర లేకపోయినా పిలవాల్సిందే. ఇద్దరుంటే ఒకరు ఫోన్, ఒకరు పఫ్‌లు చూసుకోండి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి చేతులు ఖాళీగా ఉంచుకోండి. పది నిమిషాలైనా అంబులెన్స్ రాకపోతే, ఆయాసం అలాగే ఉంటే, మళ్లీ మొదటి నుంచి పది పఫ్‌లు ఇవ్వండి. మనిషిని ఒంటరిగా వదిలి వెళ్లకండి.

డాక్టరు రాసిచ్చిన ఆస్తమా ప్లాన్ ఇంట్లో ఉంటే ఇక్కడ చెప్పినదాని కన్నా అదే ముఖ్యం.

ఇది మామూలు ఆయాసమా, ప్రమాదకరమైనదా అని ఎలా తెలుస్తుంది?

మాట్లాడించి చూడండి. "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగితే "పొద్దున లేచినప్పటి నుంచే ఉంది, ఇప్పుడు ఎక్కువైంది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగితే కాస్త టైముంది. "పొద్దున... నుంచి... ఇప్పుడు..." అని మాట మాటకీ ఊపిరి తీసుకుంటుంటే అది తీవ్రమైన ఎటాక్. అసలు మాటే రాక తల ఊపుతుంటే ఇంకా ముదిరినట్టు.

తర్వాత మెడ వైపు చూడండి. ఊపిరి పీల్చిన ప్రతిసారీ మెడ కండరాలు తాడులా బిగుసుకుంటాయి, గొంతు కింద గుంట లోపలికి పోతుంది, భుజాలు పైకి లేస్తాయి. మంచం అంచునో కుర్చీ చేతినో గట్టిగా పట్టుకుని కూర్చుంటారు, పడుకోమంటే పడుకోలేరు. పెద్దవాళ్లలో నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీసుకుంటున్నా, నాడి 120 దాటినా తీవ్రమైనదిగానే లెక్క. అయితే టెన్షన్‌లో లెక్కపెట్టడం అందరి వల్లా కాదు. మాట, మెడ, కూర్చునే తీరు, ఈ మూడూ చూస్తే చాలు.

మగత, తికమకగా మాట్లాడటం, పెదాలూ గోళ్లూ నీలంగా లేదా బూడిద రంగులోకి మారడం, బాగా అలసిపోయి ఊపిరి తీసుకునే ప్రయత్నమే తగ్గిపోవడం ప్రాణం మీదికి వచ్చిన గుర్తులు. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో నీలం అంత తేలిగ్గా కనపడదు. పెదాల లోపలి వైపు, చిగుళ్లు, నాలుక చూడండి.

పిల్లికూతలు ఆగిపోయాయి. తగ్గినట్టేనా?

దాంతోపాటు మనిషి హాయిగా మాట్లాడుతూ, మామూలుగా ఊపిరి తీసుకుంటుంటే తగ్గినట్టే. మనిషి ఇంకా రొప్పుతూ, లేదా నీరసంగా వాలిపోతూ ఉండి, కూతలు మాత్రం వినపడకపోతే అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు. గాలి కొంచెమైనా కదిలితేనే కూత వస్తుంది. ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు దాదాపు మూసుకుపోయినప్పుడు శబ్దం చేయడానికి కూడా గాలి ఉండదు. ఇలా ఛాతీ నిశ్శబ్దంగా ఉంటే డాక్టర్లు ఐసీయూ సిద్ధం చేసుకుంటారు. "హమ్మయ్య, గురక ఆగింది, నిద్రపోతున్నాడు" అని ఇంట్లోవాళ్లు దుప్పటి కప్పేది సరిగ్గా ఇలాంటప్పుడే.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మూడు జరుగుతాయి. ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకెళ్లే గొట్టాల చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటుంది. గొట్టం లోపలి పొర వాస్తుంది. ఆ మిగిలిన సందులో జిగురు కఫం అడ్డం పడుతుంది. రిలీవర్ ఇన్‌హేలర్ వీటిలో మొదటిదాన్ని మాత్రమే వదులు చేస్తుంది, అదీ నిమిషాల్లో. వాపును తగ్గించేది స్టెరాయిడ్, అది పని మొదలుపెట్టడానికి కొన్ని గంటలు పడుతుంది. ఒక్కోసారి పఫ్ మీద పఫ్ కొట్టినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. వాపూ కఫమూ ముందే పెరిగిపోయి ఉంటాయి. స్టెరాయిడ్ మాత్రలు ఇంట్లో ఉంచుకుని ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు ముందే చెప్పి ఉంటే ఆలస్యం చేయకూడదనడానికి కూడా ఇదే కారణం.

ఇంకో సంగతి. ఆస్తమాలో గాలి లోపలికి పోవడం కన్నా బయటికి రావడమే ఎక్కువ కష్టం. వదలాల్సిన గాలి లోపలే చిక్కుకుపోయి ఛాతీ ఉబ్బిపోతుంది, కొత్త గాలి పట్టడానికి చోటుండదు. "గట్టిగా పీల్చు, ఇంకా గట్టిగా పీల్చు" అని పక్కనుంచి అరిస్తే వాళ్లకు కంగారు పెరుగుతుంది తప్ప లాభం లేదు. "మెల్లగా వదులు, తొందరేం లేదు, నేనున్నాను" అనండి.

ఒకచోట నాలుగు పఫ్‌లు అని, ఇంకోచోట పది అని ఉంది. ఏది సరి?

రెండూ సరే. ఆస్ట్రేలియాలో ప్రథమ చికిత్సగా నేర్పేది నాలుగు పఫ్‌లు, ఒక్కో పఫ్‌కు నాలుగు ఊపిర్లు, తర్వాత నాలుగు నిమిషాలు ఆగడం, తగ్గకపోతే అంబులెన్స్‌ను పిలిచి అదే మళ్లీ చేయడం. బ్రిటన్‌లో అర నిమిషం నుంచి నిమిషం తేడాతో పది పఫ్‌ల దాకా ఇవ్వమంటారు. ఆస్తమా చికిత్సకు ప్రపంచవ్యాప్తంగా ప్రమాణంగా తీసుకునే జీనా మార్గదర్శకాలు మొదటి గంటలో ప్రతి 20 నిమిషాలకు 4 నుంచి 10 పఫ్‌లు అంటాయి. వీటన్నిటిలో మారనిది ఒకటుంది: పఫ్‌లు ఒక్కోటిగా ఇవ్వాలి, తగ్గకపోతే సహాయం పిలవాలి, ఆ సహాయం వచ్చేదాకా పఫ్‌లు ఆపకూడదు. మీకు ఏది నేర్పి ఉంటే అది చేయండి. లెక్క గుర్తులేదని చేతులు ముడుచుకుని కూర్చోవడం ఒక్కటే తప్పు.

ఇన్ని పఫ్‌లు కొడితే గుండెకు ఏమీ కాదా?

గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, కొంచెం తలనొప్పి రావచ్చు. ఇవి మందు పనిచేస్తుంటే వచ్చేవే, కాసేపటికి పోతాయి. ఎక్కువ మోతాదులో రక్తంలో పొటాషియం తగ్గుతుంది, దాన్ని ఆసుపత్రిలో గమనిస్తారు. గుండె జబ్బు ఉన్నవాళ్లయినా తీవ్రమైన ఎటాక్‌లో గుండెకు అసలు ముప్పు ఆక్సిజన్ అందకపోవడం వల్లే. పఫ్‌కు భయపడి ఊపిరిని వదులుకోవద్దు.

స్పేసర్ లేదు. ఏం చేయాలి?

ఇన్‌హేలర్‌ను నేరుగానే వాడండి. కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నోట్లో పెట్టుకుని పెదాలు మూసి, మెల్లగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి. తర్వాత పది సెకన్లు, లేదా ఉగ్గబట్టగలిగినంతసేపు ఊపిరి బిగబట్టాలి. ఎటాక్‌లో ఉన్న మనిషికి ఇదంతా కుదరకపోవచ్చు. మందు చాలావరకు నాలుక మీదే పడిపోతుంది. స్పేసర్‌కు అంత విలువ అందుకే.

ప్లాస్టిక్ నీళ్ల సీసాతో స్పేసర్ చేసుకోవచ్చన్న మాట విన్నారేమో, అది ఊసుపోక కబురు కాదు. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద చేసిన పరిశోధన 1999లో వచ్చింది. అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ సందు లేకుండా మూసి, సీసా మూతి వైపు నుంచి పీల్పిస్తే కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని అందులో తేలింది. థర్మోకోల్ కప్పు మాత్రం అంత బాగా పనిచేయలేదు. అయితే మనిషి ఒక పక్క రొప్పుతుంటే కత్తి పట్టుకుని సీసా కోస్తూ కూర్చునే పని కాదిది. ముందు నేరుగా పఫ్‌లు మొదలుపెట్టండి. ఇంకెవరైనా ఖాళీగా ఉంటే వాళ్లు సీసా సంగతి చూస్తారు.

ఇంట్లో నెబ్యులైజర్ (మందును పొగలా మార్చి పీల్పించే మిషన్) ఉంది. అదే మంచిది కదా?

ప్రాణాపాయ స్థితి కాని ఎటాక్‌లలో స్పేసర్‌తో ఇచ్చిన పఫ్‌లు నెబ్యులైజర్‌తో సమానంగా పనిచేస్తాయని ఎన్నో పరిశోధనల్లో తేలింది. మిషన్ పొగ చూస్తే ఏదో పెద్ద వైద్యం జరుగుతున్నట్టు అనిపిస్తుంది, అంతే. దాన్ని వెతికి, తీగ తగిలించి, మందు పోసేలోపు నాలుగు పఫ్‌లు లోపలికి వెళ్లిపోయి ఉండేవి. ఉంటే వాడండి, తప్పు లేదు. కానీ ఇంట్లో నెబ్యులైజర్ ఉందన్న ధైర్యంతో ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేయకండి. ఒకసారి పెట్టాక తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి గంట రెండు గంటల్లో తిరగబెట్టినా బయలుదేరాలి.

నీలం పంపు లేదు. రోజూ వాడే ఇన్‌హేలర్ ఉంది. అది వాడొచ్చా?

అందులో ఏ మందుందో చూడాలి. బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిపిన ఇన్‌హేలర్‌ను చాలామందికి రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడు రిలీవర్‌గానూ ఒకటే రాస్తారు. ఫార్మోటెరాల్ కూడా నిమిషాల్లోనే పనిచేస్తుంది. మీకు అలా రాసి ఉంటే ఎటాక్‌లో అదే వాడాలి, ఎన్ని పఫ్‌ల వరకు అన్నది మీ ప్లాన్‌లో ఉంటుంది. స్టెరాయిడ్ ఒక్కటే ఉన్న ఇన్‌హేలర్ గానీ, సాల్మెటెరాల్ ఉన్నది గానీ ఎటాక్‌ను ఆపలేవు, మొదటిదానికి గంటల కొద్దీ సమయం కావాలి, రెండోది నెమ్మదిగా మొదలవుతుంది. అవే చేతిలో ఉంటే వాటితో కాలం గడపకుండా అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

ఇన్‌హేలరే లేదు. పక్కవాళ్లది ఇవ్వొచ్చా?

ఇవ్వండి. ఎమర్జెన్సీలో పక్కింటివాళ్లదైనా, తోటి ఉద్యోగిదైనా సాల్బుటమాల్ ఉంటే చాలు. మూతి తుడిచి వాడండి. ఒకవేళ అది ఆస్తమా కాదని తర్వాత తేలినా కొన్ని పఫ్‌ల వల్ల పెద్దగా హాని ఉండదు. ఇవ్వకపోవడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

చిన్నపిల్లలకు ఎటాక్ వస్తే తేడా ఏమిటి?

చిన్నపిల్లలు "నాకు ఆయాసంగా ఉంది" అని చెప్పరు. చొక్కా పైకెత్తి చూడండి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా డొక్కలు ఎగరేస్తుంటే, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతుంటే, ముక్కుపుటాలు అదురుతుంటే, పసిబిడ్డ పాలు తాగడానికి నోరు పెట్టి ఊపిరి కోసం వదిలేస్తుంటే ఆలస్యం చేయొద్దు. అంతవరకూ గింజుకుని ఏడ్చిన పిల్లవాడు ఉన్నట్టుండి మెత్తబడి ఒడిలో వాలిపోతే అది శాంతించడం కాదు, అలసిపోవడం.

అయిదేళ్ల లోపు పిల్లలకు మాస్కు ఉన్న స్పేసర్ కావాలి. ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకుని మాస్కును ముక్కూ నోరూ రెండూ కప్పేలా, సందు లేకుండా ఆనించాలి. పఫ్ కొట్టాక అయిదారు ఊపిర్లు తీసుకునేదాకా మాస్కు తీయకూడదు. స్పేసర్‌లోని కవాటం కదలడం కనిపిస్తుంది, దాన్ని చూసి లెక్కపెట్టుకోండి. మాస్కుకూ చెంపకూ మధ్య కాస్త సందున్నా మందు బయటికే పోతుంది. పిల్లవాడు ఏడుస్తున్నా ఇవ్వాల్సిందే, కానీ ఏడుస్తున్నప్పుడు మందు తక్కువగా చేరుతుంది కాబట్టి ఎత్తుకున్నవాళ్లు కంగారుపడకుండా ఉండటం కూడా చికిత్సలో భాగమే. పిల్లలకు ఎన్ని పఫ్‌లన్నది వయసును బట్టి డాక్టరు దగ్గర ముందే రాయించుకోండి. పిల్లవాడి స్కూలు బ్యాగులో ఒక ఇన్‌హేలర్, ఒక కాగితం ఉండాలి, టీచరుకు తెలిసి ఉండాలి.

ఆక్సీమీటర్ 95 చూపిస్తోంది. ఇంకా భయం లేదా?

ఆ అంకెను నమ్ముకుని ఆగకండి. ఆస్తమాలో ఆక్సిజన్ చివర్లో పడిపోతుంది. మనిషి కష్టపడి వేగంగా ఊపిరి తీసుకుంటూ చాలాసేపు దాన్ని నిలబెట్టుకోగలడు. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా అంకె తప్పు రావచ్చు. చర్మం రంగు ముదురుగా ఉంటే ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 92 కన్నా తక్కువ ఉంటే పరిగెత్తండి. ఎక్కువ ఉన్నా మాట తడబడుతుంటే అప్పుడూ పరిగెత్తండి. ఒకే గదిలో మనిషి ఒకటి చెబుతూ, మిషన్ ఇంకోటి చెబుతుంటే నేనైతే మనిషినే నమ్ముతాను.

పీక్ ఫ్లో మీటర్ (గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే చిన్న పరికరం) వాడే అలవాటున్నవాళ్లకు అది ఇంతకన్నా నయం. మీరు బాగున్నప్పుడు ఊదిన అత్యధిక అంకెలో సగం కన్నా తక్కువ వస్తే తీవ్రమైన ఎటాక్, మూడో వంతు కన్నా తక్కువ వస్తే ప్రాణాపాయం. ఊదలేని స్థితిలో ఉంటే బలవంతంగా ఊదించకండి.

ఆవిరి పట్టొచ్చా? వేడి కాఫీ? దగ్గు మందు?

ఆవిరి వల్ల ఎటాక్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ఊపిరాడక ఉన్న మనిషి మీద, అందులోనూ పిల్లల మీద, మరిగే నీళ్లు ఒలికి కాలిన కేసులు మాత్రం ఉన్నాయి. కాఫీలోని కెఫీన్ గొట్టాలను కాస్త వెడల్పు చేసే మాట నిజమే, కానీ అది చాలా తక్కువ, ఎటాక్‌ను ఆపేంత కాదు. పైగా మాట రానివాళ్ల చేత ఏదైనా తాగిస్తే పొలమారుతుంది. దగ్గు మందుతో ప్రయోజనం లేదు. కవరులో ఊపిరి పీల్పించడం ప్రమాదం, అసలే తక్కువగా ఉన్న ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది.

"పాపం నిన్నటి నుంచి నిద్ర లేదు" అని నిద్రమాత్రో, మత్తునిచ్చే మందో ఎప్పుడూ ఇవ్వకండి. ఆ మనిషి బతికుండటానికి కారణం తను మెలకువగా ఉండి ఊపిరి కోసం పోరాడటమే. నొప్పి మాత్రల విషయంలోనూ జాగ్రత్త, కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివే ఎటాక్‌ను తెప్పిస్తాయి. బీపీకి వాడే బీటా బ్లాకర్లు, గ్లాకోమాకు వేసే టిమొలాల్ కంటి చుక్కలు కూడా అంతే. ఈ మధ్య కొత్తగా ఏ మందు మొదలుపెట్టారో డాక్టరుకు చెప్పండి.

ఏదో తిన్నాకో, తేనెటీగ కుట్టాకో ఆయాసం వచ్చింది. అదీ ఆస్తమాయేనా?

ఒంటి మీద దద్దుర్లు, పెదాలు లేదా నాలుక వాపు, గొంతు పట్టేసినట్టు ఉండటం, వాంతులు, కళ్లు తిరగడం, వీటిలో ఏదైనా ఆయాసంతో పాటు హఠాత్తుగా వస్తే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ కావచ్చు. దానికి మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటి వైపు కండరంలోకి. డాక్టరు రాసిచ్చిన ఆటో ఇంజెక్టర్ (ఆ మందు ముందే నింపి ఉండే సూది పెన్ను) ఉంటే ముందు అది వేయండి, ఆ తర్వాతే ఇన్‌హేలర్. ఏదో తేల్చుకోలేకపోతే, ఆ మనిషికి తీవ్రమైన అలర్జీ ఉన్నట్టు ముందే తెలిస్తే, అడ్రినలిన్ వైపే మొగ్గండి.

స్పృహ తప్పితే?

ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆగకుండా ఊపిరిని గమనిస్తూ ఉండండి. ఊపిరి ఆడకపోయినా, అప్పుడొకటి అప్పుడొకటి ఎగశ్వాసలా వస్తున్నా సీపీఆర్ మొదలుపెట్టండి. పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్యలో అయిదు సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నేర్చుకున్నవాళ్లైతే ప్రతి 30 నొక్కులకు రెండు సార్లు నోటితో గాలి ఊదండి. ఇక్కడ గుండె ఆగింది ఆక్సిజన్ లేక కాబట్టి ఆ గాలికి విలువ ఎక్కువ. రానివాళ్లు నొక్కడం ఒక్కటైనా ఆపకుండా చేయండి.

రాత్రి పూట వస్తే తెల్లారేదాకా ఆగొచ్చా?

ఆగొద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. బ్రిటన్‌లో ఆస్తమాతో చనిపోయిన 195 మంది కేసులను ఒక్కొక్కటిగా తిరగేసి 2014లో నివేదిక ఇచ్చారు. అందులో 45 శాతం మంది వైద్య సహాయం అడగకుండానో, అడిగినా అది అందేలోపో చనిపోయారు. చేతిలో మంచి మందులు, మంచి ఆసుపత్రులు ఉన్న దేశంలో మాట ఇది. ఆస్తమా రాత్రి చివరి జాముల్లో సహజంగానే ఎక్కువవుతుంది. కాబట్టి "తెల్లారాక చూద్దాంలే" అనుకోవడమంటే ఎటాక్‌కు అనుకూలమైన గంటలను దానికే వదిలేయడం.

"ఇంత రాత్రి అందరినీ లేపడం ఎందుకు", "నిరుడూ ఇలాగే వచ్చి దానంతటదే తగ్గింది", "పోయినసారి వెళ్తే ఏం లేదని పంపేశారు" అనే మాటలన్నీ ఆస్తమా ఉన్న ఇళ్లలో మామూలే. ఏమీ లేదని ఆసుపత్రి నుంచి తిప్పి పంపిస్తే పోయేది ఒక రాత్రి నిద్ర.

అంబులెన్స్ రావడానికి చాలాసేపు పట్టేలా ఉంటే ఫోన్‌లో ఉన్నవాళ్లను అడిగి సొంత వాహనంలో బయలుదేరవచ్చు. రోగి బండి నడపకూడదు. నడిపేవాళ్లు కాక పక్కన ఇంకొకరు కూర్చుని పఫ్‌లు ఇస్తూ ఉండాలి.

నాది కొద్దిపాటి ఆస్తమాయే. నాకూ ఇంత తీవ్రంగా వస్తుందా?

వస్తుంది. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉరుముల వాన కురిసింది. గాలిలోని గడ్డి పుప్పొడి చిట్లి సన్నని పొడిగా మారి ఊరంతా కమ్మింది. కొన్ని గంటల్లో వేల మంది ఆసుపత్రులకు పరిగెత్తారు, పది మంది చనిపోయారు. ఆ రోజు ఆసుపత్రికి వచ్చినవాళ్లలో చాలామందికి అంతకుముందు ఆస్తమా ఉందనే తెలియదు, పుప్పొడి అలర్జీతో తుమ్ములు మాత్రమే వచ్చేవి.

ఇంతకుముందు ఐసీయూలో చేరినవాళ్లకు, వెంటిలేటర్ మీద ఉండి వచ్చినవాళ్లకు, గత ఏడాదిలో ఎటాక్‌తో అడ్మిట్ అయినవాళ్లకు, రోజువారీ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానేసి నీలం పంపుతోనే నెట్టుకొస్తున్నవాళ్లకు, ఆహార అలర్జీ కూడా ఉన్నవాళ్లకు ప్రమాదం మరీ ఎక్కువ. వీళ్లు ఇంకా ముందే కదలాలి.

గర్భిణికి ఎటాక్ వస్తే మందులు ఇవ్వొచ్చా?

ఇవ్వాలి, మామూలుగా ఇచ్చినట్టే. సాల్బుటమాల్ గానీ, అవసరమైతే స్టెరాయిడ్ గానీ తల్లికి ఆక్సిజన్ తగ్గడమంత హాని బిడ్డకు చేయవు. తల్లికి ఊపిరందకపోతే బిడ్డకూ అందదు. ఇంట్లో తగ్గినట్టు అనిపించినా డాక్టరుకు చూపించండి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

ఆక్సిజన్ పెడతారు. సాల్బుటమాల్‌తో పాటు గొట్టాలను వదులు చేసే ఇంకో మందు ఇప్రట్రోపియం కలిపి నెబ్యులైజర్ ఇస్తారు, మొదటి గంటలో మళ్లీ మళ్లీ. స్టెరాయిడ్ మొదలుపెడతారు. మింగగలిగితే మాత్ర కూడా ఇంజెక్షన్ అంత బాగానే పనిచేస్తుంది, "సూది వేయలేదు" అని గొడవ పడనక్కర్లేదు. వీటికి లొంగకపోతే మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తారు, పెద్దవాళ్లకు 2 గ్రాములు, 20 నిమిషాల్లో. జ్వరం, నిమోనియా లాంటివి లేకపోతే యాంటీబయాటిక్ అవసరం లేదు.

రక్తంలో కార్బన్ డయాక్సైడ్ చూస్తారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. వేగంగా ఊపిరి తీసుకునే మనిషిలో అది తక్కువగా ఉండాలి. నార్మల్ అని వస్తే మనిషి అలసిపోతున్నాడని అర్థం. అప్పుడు డాక్టర్లు కంగారుపడుతుంటే "రిపోర్టు నార్మలే కదా" అని మీకు అనిపించవచ్చు. మరీ విషమిస్తే గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెడతారు.

మీరు చెప్పాల్సినవి: ఎప్పుడు మొదలైంది, ఎన్ని పఫ్‌లు ఇచ్చారు, ఇంతకుముందు ఐసీయూలో ఉన్నారా, ఏ మందులు పడవు. ఇన్‌హేలర్లన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి.

తగ్గింది, ఇంటికి పంపించారు. ఇక మామూలేనా?

వెంటనే కాదు. గొట్టాల వాపు రోజుల తరబడి ఉంటుంది, కొన్ని ఎటాక్‌లు ఇంటికొచ్చిన కొద్ది రోజుల్లోనే తిరగబెడతాయి. స్టెరాయిడ్ మాత్రల కోర్సు, పెద్దవాళ్లకు మామూలుగా అయిదు నుంచి ఏడు రోజులు, బాగుందనిపించినా పూర్తి చేయాలి. రెండు మూడు రోజుల్లో, పిల్లలైతే ఇంకా ముందే, డాక్టరును మళ్లీ కలవండి. ఈలోపు నాలుగు గంటలు గడవకముందే మళ్లీ రిలీవర్ కావాల్సి వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా తిరిగి వెళ్లండి.

రోజువారీ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఇచ్చారో లేదో చూసుకోండి. ఇవ్వకపోతే అడగండి. బ్రిటన్ నివేదికలో రిలీవర్ రాయించుకున్నవాళ్లలో 39 శాతం మందికి చనిపోయే ముందు ఏడాదిలో 12కు మించి నీలం పంపులు రాసి ఉన్నాయి. ఏడాదికి మూడు, అంతకుమించి ఖర్చవుతున్నాయంటేనే ఎటాక్ వచ్చే ముప్పు పెరిగినట్టేనని జీనా అంటుంది.

ఇన్‌హేలర్‌లో మందు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

వెనకాల ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపించే అంకెలు ఉండేది కొనుక్కోండి, అదొక్కటే నమ్మదగిన పద్ధతి. కుదిపితే శబ్దం వస్తోందనో, నీళ్లలో వేస్తే తేలిందో మునిగిందో అనో చూడటం వల్ల ఏమీ తెలియదు. మందు అయిపోయాక కూడా గాలి మాత్రం తుస్సుమని వస్తూనే ఉంటుంది. అంకెలు లేనిదైతే మొదలుపెట్టిన తేదీ దాని మీదే పెన్నుతో రాసి, వాడినప్పుడల్లా లెక్క పెట్టుకోండి. చాలా వాటిలో 200 పఫ్‌లు ఉంటాయి. కొత్తదాన్ని, లేదా చాలా రోజులు వాడనిదాన్ని ముందు రెండుసార్లు గాలిలోకి కొట్టి చూడాలి. గడువు తేదీ దాటినది తప్ప వేరే ఏదీ లేకపోతే ఎమర్జెన్సీలో అదే వాడండి, శక్తి కాస్త తగ్గినా అసలు లేకపోవడం కన్నా మేలు. వాడుతూనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.